నా గొంతులో నలభై సెకన్లు

దినం 4011, రెండో షిఫ్టు

పరీక్షించిన పేజీలు: రెండు. నీళ్ల కోటా పేజీ చెవికెక్కింది. పుట్టగొడుగుల బజారు పేజీ ఎక్కలేదు. ధర చెప్పకముందే "కొంటారా?" అని అడుగుతోంది. వెనక్కి పంపాను.

ఈ చిట్టాలో పరీక్షల సంగతి తప్ప సొంత గోడు రాయకూడదని నియమం. ఆ నియమం పెట్టింది నేనే కాబట్టి ఇంకొకరు నన్ను అడగక్కర్లేదు.

నా పేరు స్వరూప. పుట్టు గుడ్డిని. మూడో గనిలో గోడల్లో తొలిచిన అరల్లో, తెర మీద కనిపిస్తూ పలికే గోడ పేజీ ఏదైనా జనంలోకి పోయే ముందు చీకటి పరీక్షకు రావాలి. దీపాలన్నీ ఆర్పేసి, గనిని నడిపే సర్దారు రాజవీరుతో సహా పది మందిమి కూర్చుని, ఆ పేజీని ఉత్త చెవితో వాడి చూస్తాం. చివర్లో నేను "చెవికెక్కింది" అంటేనే ఎక్కినట్టు. పైన ఎండకు బతకలేక జనమంతా గనిలోకి దిగిన కొత్తలో, అడుగడుగునా నన్ను చెయ్యి పట్టి నడిపించబోయేవాళ్లు. కరెంటు చాలక దీపాలు రోజుకు నాలుగు గంటలకు తగ్గాక, అదే జనం నా భుజం పట్టుకుని నడవడం నేర్చారు. అప్పటి నుంచి ఇప్పటిదాకా, పదకొండేళ్లుగా, ఈ గనిలో ప్రతి పేజీ నా గొంతుతోనే మాట్లాడుతోంది. "ముందుకు పోవడానికి కుడి మీట. ఒప్పుకోవడానికి ఎడమ మీట." చంటి పిల్లలకు అమ్మ గొంతు తర్వాత తెలిసే గొంతు నాదే అంటారు. ఎవరో అన్నారులే, నేను కాదు.

ఇప్పుడు ఐదో గని నుంచి నస్రీన్ అని ఒకావిడ దిగింది. నెల కూడా కాలేదు. మెడ కింద ఏదీ కదలదు. పెదవుల మధ్య సన్నని గొట్టం ఒకటి పెట్టుకుంటుంది. ఊదితే పేజీ ఒక మెట్టు ముందుకు పోతుంది, పీలిస్తే నొక్కినట్టు. దాంతోనే చక్రాల కుర్చీ నడుపుతుంది, దాంతోనే పేజీలు వాడుతుంది, దాంతోనే పేజీలు కడుతుంది. ఇక చూడండి, ఏ అరలో నిలబడ్డా నస్రీన్ మాటే. నస్రీన్ ఎంత ఓపిక, నస్రీన్ ఎంత తెలివి. కొత్త ఒక వింత, పాత ఒక రోత.

ఈ రోజు తెలిసిన సంగతి: నా వంతుల పేజీని మళ్లీ కట్టమని రాజవీరు ఆవిడకు చెప్పాడట. నీళ్ల పేజీ కాదు, బజారు పేజీ కాదు, వంతుల పేజీ. నేను రాసినవాటిలో నాకు బిడ్డలాంటిది అదే.

దినం 4013, మొదటి షిఫ్టు

పరీక్షించిన పేజీలు: లేవు. మనసు బాగాలేదు.

ఈ రోజు మా ఆయన పోశంకు పై గాలి వంతు. ఇరవై ఏళ్లు గని పైకప్పుకు బోల్టులు బిగించే డ్రిల్లు పట్టిన మనిషి. ఊపిరితిత్తుల నిండా బొగ్గు. వారానికి ఒక పూట, ఎండ ఎక్కకముందు, పైన గాలి ఇంట్లో కూర్చోకపోతే వానలు చూడడని డాక్టరమ్మ నా ముందే చెప్పింది.

ఆ వంతులు ఇచ్చేదే నా పేజీ. మొదట్లో కళ్లున్నవాళ్లు పేజీ తెరుచుకోగానే చూసి నొక్కేసేవాళ్లు. మాలాంటివాళ్లం పూర్తిగా వినేసరికి లిఫ్టు నిండిపోయేది. అందుకే నేనొక కట్టుబాటు పెట్టాను. నా గొంతు ఆఖరి మాట పలికేదాకా మీటలు పనిచేయవు. ఆ తర్వాత అందరికీ సమానంగా నలభై సెకన్లు. ఆలోగా "వస్తాను" దగ్గర ఒప్పుకోవాలి. లేకపోతే ఆ సీటు వెనకవాళ్లకు పోతుంది. వరుసగా మూడు వంతులు పోగొట్టుకున్నవాళ్ల పేరు వానలు పడేదాకా జాబితాలో ఉండదు. అరలోకి ఒక్కరే పోవాలి, ఒకరి మీట ఇంకొకరు ముట్టకూడదు. చూపున్నవాళ్లకూ లేనివాళ్లకూ ఒకే కొలత. ఆ పేజీ ఎక్కిన రోజు రాజవీరు నా చేతులు రెండూ పట్టుకుని ఏడ్చాడు.

పోశం వచ్చి చొక్కా విప్పి దండెం మీద వేశాడు. పైకి పోయి వచ్చినవాళ్ల బట్టలకు ఎండుగడ్డి వాసన, వేడి రాయి వాసన ఉంటుంది. చొక్కా ముక్కుకు ఆనించుకుంటే యాలకులు!

"ఎట్లుంది పైన?" అన్నాను.

"మంచిగుంది. గాలి బాగాడింది."

"ఎవరెవరచ్చిన్రు?"

"ఎప్పటోళ్లే. ఎవలుంటరు?"

ఈ గని మొత్తంలో యాలకుల చాయ్ కాగేది ఒక్క నస్రీన్ గదిలోనే. ఐదో గని నుంచి వస్తూ డబ్బా నిండా తెచ్చుకుంది. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా? నేను కాచే చాయ్ మా ఆయనకు పదకొండేళ్లుగా చప్పగానే ఉండి ఉంటుంది. నోరు తెరిచి చెప్పలేదంతే.

దినం 4015, రెండో షిఫ్టు

పరీక్షించిన పేజీలు: ఒకటి. ఏదో గుర్తులేదు.

నాలుగో గ్యాలరీ సొరంగంలో పని ఉందని చెప్పుకుని నస్రీన్ గది ముందు నుంచి నడిచాను. నాలుగో గ్యాలరీలో నాకే పనీ లేదు. తలుపు ఓరగా ఉంది. లోపల మా ఆయన నవ్వుతున్నాడు. దగ్గు అడ్డం పడకుండా ఆయన అంతసేపు నవ్వగా నేను విని ఏడాదైంది.

"చూసినవా అన్నా? తొందరే లేదు. మళ్లొకసారి చెయ్యి," అంటోంది నస్రీన్.

"ఇంట్ల స్వరూపకు మాత్రం చెప్పకు చెల్లె," అన్నాడు ఈయన.

చెల్లె అట! చెల్లె అన్నంత మాత్రాన చల్లారేదాన్ని కాదు నేను. నాకు చెప్పకూడని మాట ఆయనకూ ఆవిడకూ మధ్య ఒకటుంది. నేను గోడ పట్టుకుని వెనక్కి వచ్చేశాను. ఈ గనిలో నేను గోడ పట్టుకుని నడవడం అదే మొదటిసారి.

నా పేజీ తీసుకుంది. నా మొగుణ్ణి కూర్చోబెట్టుకుంది. ఇంకేం మిగిలింది? చీకటి పరీక్షలో నా కుర్చీ.

దినం 4017, మొదటి షిఫ్టు

ముందు వినికిడి: నస్రీన్ కట్టిన వంతుల పేజీ.

చీకటి పరీక్షకు ముందురోజు పేజీ కట్టినవాళ్లు నాకు ఒకసారి వినిపిస్తారు. చిన్న చిన్న లోపాలుంటే చెప్తాను, అక్కడికక్కడే సరిచేసుకుంటారు. ఇది నియమం కాదు, ఆనవాయితీ. పది మందిలో ఎవరి పరువూ పోకూడదని.

పేజీ బాగుంది. నాకు కోపం వచ్చేంత బాగుంది. గడువు లేదు. ముందురోజు నుంచే తెరిచి ఉంటుంది, ఇంటి చేతిపెట్టె మీద కూడా పలుకుతుంది. సీట్లు ముందు వచ్చినవాళ్లకు కాకుండా జబ్బును బట్టి పంచుతుంది. మీట రెండుసార్లు అదిరితే ఒక్కసారే అనుకుంటుంది. నొక్కాక "ఇదేనా?" అని అడుగుతుంది. పైగా ఎవరి గొంతు కావాలో ఎంచుకోవచ్చట: నాది, లేదా ఆవిడది. నా గొంతు పక్కన ఇంకో గొంతు, గుడిసె పక్కన గుడిసె వేసినట్టు!

చివరికి, అంతా అయిపోయిన చోట, చెవికి ఒక ఖాళీ తగిలింది. ఏదో ఉంది, పలకడం లేదు. నాకు వెంటనే తెలిసింది. అది బొమ్మ. కళ్లతో చూసుకుని పెట్టింది, దానికి మాట తగిలించడం మరిచిపోయింది. సరిచేయడానికి ఒక్క నిమిషం చాలు.

"ఏమన్న తక్కువుందా అక్కా?" అని అడిగింది. గొట్టం పక్కకు జరిపి అడిగింది. నా ఊపిరి కోసం వేచి చూస్తున్నట్టు ఆగింది.

"ఏం లేదు," అన్నాను.

దినం 4018, రెండో షిఫ్టు

చీకటి పరీక్ష: వంతుల పేజీ. చెవికెక్కలేదు.

దీపాలు ఆర్పారు. ఒక్కొక్కరే వాడి చూశారు. బాగుంది, బాగుంది అని గొణుగుడు. రాజవీరు అయితే "అబ్బ, ఎంత నెమ్మది!" అన్నాడు. నా పేజీకి ఆ మాట ఎప్పుడూ అనలేదు. ఆఖరున నా వంతు వచ్చింది. ఆ ఖాళీ దగ్గర ఆగాను.

"ఈడ ఏమున్నది?" అన్నాను గట్టిగా.

"లిఫ్టు బొమ్మ అక్కా. సీటు ఖాయమైందని..."

"నాకు బొమ్మలు కనవడయి చెల్లె."

తప్పిన పేజీ ఎనిమిది దినాల తర్వాతే మళ్లీ పరీక్షకు రావాలి. అది కూడా నా నియమమే. దీపాలు వెలిగించారు. అంటే, వెలిగించారని వాళ్ల నిట్టూర్పులను బట్టి తెలిసింది.

అందరూ పోయాక ఆవిడ కుర్చీ చక్రాలు నా దగ్గరకు వచ్చి ఆగాయి.

"నిన్ననే విన్నవు గదా అక్కా."

"యాదికి లేదు."

"నామీద కోపముంటే నన్నే తిట్టరాదా? ఎనిమిది దినాలంటే కొందరికి మస్తు ఎక్కువైతది."

కొందరికి అట. ఎవరా కొందరు అని అడగలేదు. గెలిచి ఇంటికి వచ్చాను. పోశం అన్నం ముట్టలేదు. పరీక్ష సంగతి ఆయన చెవికి అప్పుడే చేరింది. ఆవిడ పేజీ తప్పిందని దిగులు కాబోలు, దిగులుపడనీ అనుకుని గిన్నెలన్నీ కావాలనే చప్పుడు చేస్తూ కడిగాను.

దినం 4019, మొదటి షిఫ్టు నుంచి మూడో షిఫ్టు దాకా

ఈ రోజు రాయాల్సింది చాలా ఉంది. వరసగా రాస్తాను.

మొగుణ్ణి అబద్ధంతో సహా పట్టుకోవాలని వంతుల పేజీ లోపలి లెక్క తెరిచాను. పైకి పోయానన్న రోజున పోలేదని చేతిలో రుజువుంటే, ఇక చూసుకోవచ్చని. పేజీని కాచే నాకు ఎవరు ఏ మీట ఎప్పుడు నొక్కారో అంతా దొరుకుతుంది. ఇన్నేళ్లలో ఒక్కసారీ తెరవలేదు. అవసరమేముంది, నా పేజీ బాగానే నడుస్తుంటే?

చుక్కల పలక మీద వేళ్లు పెట్టి చదివాను.

దినం 4006. పోశం. ముందుకు, ముందుకు, ముందుకు, ముందుకు, ముందుకు. "వస్తాను" నాలుగోది. ఐదోసారి మీట అదిరి, దాన్ని దాటి మళ్లీ మొదటికి పోయాడు. మళ్లీ ముందుకు, ముందుకు. మళ్లీ దాటాడు. నలభై సెకన్లలో ముప్పై ఒక్కసారి నొక్కాడు. సమయం అయిపోయింది.

దినం 4013. ఇరవై ఆరుసార్లు. సమయం అయిపోయింది.

రెండు వంతులు పోయాయి, రేపటిది మూడోది. డ్రిల్లు పట్టిన చేతులు. అన్నం ముద్ద నోటి దాకా వచ్చేసరికి సగం కంచంలో పడుతుంది. పక్కన కూర్చుని ఆ చప్పుడు రోజూ వింటున్నాను. నా పేజీ దగ్గర మాత్రం ఆ చేతులు నాకు గుర్తు రాలేదు. మీటలు నేను నొక్కి చూసుకున్నాను. నా వేళ్లకు ఏ రోగమూ లేదు కదా.

ఇంకా వెనక్కి పోయాను. జాబితా నుంచి పేరు పోయినవాళ్లు రెండేళ్లలో పదకొండు మంది. అందరూ డ్రిల్లు పట్టినవాళ్లే. బద్ధకస్తులు, వంతు విలువ తెలియనివాళ్లు అని ఒకప్పుడు ఇదే చిట్టాలో రాశాను. వాళ్లలో ఇద్దరు వానలదాకా బతకలేదు. గోలి ఓదెలు. జంగిలి మల్లేశం. వాళ్ల పేర్లు ఇక్కడ ఉండాలి.

పంపు గదికి పోయాను. మోటారు మీద రెండు అరచేతులూ ఆనించి, మోచేతుల దాకా తిమ్మిరి ఎక్కేవరకు నిలబడ్డాను. ఆ చేతులతోనే పక్క అరలోకి పోయి నా పేజీ తెరిచాను. నా గొంతు తీరుబడిగా అంతా చదివింది. తర్వాత నలభై సెకన్లు. వేళ్లు నావి కావు. "వస్తాను" రెండుసార్లు నా చేతి కిందికి వచ్చి జారిపోయింది. "మీ సమయం అయిపోయింది. ధన్యవాదాలు," అంది నా గొంతు. ఆ ధన్యవాదాలు మర్యాదగా ఉంటుందని నేనే చేర్చాను.

ఇంటికి పోతే పోశం మంచం మీద ఉన్నాడు.

"ఎందుకు చెప్పలే నాకు?"

ఏ సంగతని ఆయన అడగలేదు. "ఏమని చెప్పాలె? గనంత నీ పేజీని మెచ్చుకుంటది. నీ మొగనికే అది చాతనైతలేదని నేనెట్ల చెప్పాలె?"

"సచ్చిపోతవు గదనయ్యా!"

"నస్రీన్ చెల్లె కొత్తది కడుతున్న అంటే, దినాం పోయి నొక్కి చూపెట్టిన. నా చెయ్యి ఎట్లెట్ల అదురుతదో చూసుకుంట కట్టింది. అది ఎక్కితే రేపటి వంతు దొరుకుతదనుకున్న. ఏదో బొమ్మకు మాట లేదంటగా. నువ్వేం జేస్తవు, నీ పని నువ్వు జేసినవు."

నా పని! నేను చెప్పేశాను. ముందురోజే విన్నానని, కావాలనే ఊరుకున్నానని, యాలకుల వాసన సంగతి, తలుపు దగ్గర నిలబడిన సంగతి, అన్నీ. ఆయన చాలాసేపు దగ్గాడు. తిడితే బాగుండేది.

"జెర నీళ్లియ్యి," అన్నాడు.

నీళ్లిచ్చి తిన్నగా నస్రీన్ గదికి పోయాను. "బొమ్మకు మాట పెట్టు," అన్నాను. "పెట్టిన అక్కా, నిన్ననే," అంది. ఒక్క మాట ఎక్కువ అనలేదు. అని ఉంటే ఓర్వలేకపోయేదాన్నేమో, అనకపోయినా ఓర్వలేకపోయాను. ఆ మంచితనం కూడా నాకు గుచ్చుకుంది.

రాజవీరు మొదట ఒప్పుకోలేదు. "మీ ఆయన కోసమని నియమం మారుస్తమా స్వరూపా? రేపు పది మంది నన్నడుగుతరు."

"మా ఆయన కోసమని కాదు. నా పరీక్ష దొంగ పరీక్ష. అందరిని కూసవెట్టు, అందరి ముంగట చెప్త."

మూడో షిఫ్టులో మళ్లీ దీపాలు ఆర్పారు. చీకటిలో సిగ్గు తక్కువగా ఉంటుందని చూపున్నవాళ్లు అనుకుంటారు. నాకెప్పుడూ చీకటే కాబట్టి నాకు ఆ వెసులుబాటు లేదు. బొమ్మ సంగతి చెప్పాను. పదకొండు పేర్లూ చదివాను. ఓదెలు పేరు దగ్గర వెనక బెంచీలో ఎవరో ముక్కు చీదారు. ఆయన తమ్ముడు అనుకుంటాను.

వంతుల పేజీ చెవికెక్కింది. ఆ మాట నా నోటితోనే అన్నాను.

"ఇగ నుంచి ఆ కుర్చీ నీ ఒక్కదానిదే కాదు," అన్నాడు రాజవీరు. "పక్కన నస్రీన్ కూసుంటది. ఏ పేజీ అయిన చెవికి ఎక్కాలె, చేతికి గూడ అందాలె. ఇద్దరు సరే అంటేనే సరే."

చక్రాలు దొర్లుకుంటూ వచ్చి నా ఎడమ పక్కన ఆగాయి. యాలకుల వాసన.

దినం 4020, మొదటి షిఫ్టు

పరీక్షించిన పేజీలు: ఒకటి, ఇంట్లో.

పోశం చేతిపెట్టె ఒళ్లో పెట్టుకుని మంచం అంచున కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. ఇప్పుడు పక్కన కూర్చోవచ్చు. పేజీ తెరుచుకుని ముందుగా ఎవరి గొంతు కావాలని అడిగింది. నేను నిటారుగా సర్దుకుని కూర్చున్నాను, నన్నెవరో పిలవబోతున్నట్టు.

ఆయన నస్రీన్ గొంతు ఎంచుకున్నాడు.

ఏమీ అనకూడదనుకున్నాను. "నాది పనికిరాకపాయెనా?" అని నోట్లోంచి వచ్చేసింది.

"ఇంట్ల నువ్వు పిలిస్తే పానం నిమ్మలమైతది," అన్నాడు. "పేజీల నువ్వు మాట్లాడంగనే చేతులు ఇంకింత అదురుతయే. ఎన్నిసార్లు ఎల్లగొట్టిందో ఆ గొంతు నన్ను."

"నాలుగు మాటలున్నాయి. తొందర లేదు," అంది నస్రీన్ గొంతు మా ఇంట్లో, మా మంచం మీద. ఆయన నొక్కాడు. మీట రెండుసార్లు అదిరింది, పేజీ ఒక్క మెట్టే కదిలింది. మళ్లీ నొక్కాడు. దగ్గు వచ్చింది. దగ్గు తగ్గేదాకా ఆ గొంతు ఆగింది. నేను నా చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను, సాయం చేయకుండా.

"వస్తాను. ఇదేనా?"

"ఇదే," అన్నాడు పోశం పెట్టెతో, నొక్కుతూ.

"మీ సీటు ఖాయమైంది. బొమ్మ: మిమ్మల్ని ఎక్కించుకోవడానికి తలుపు తెరిచి నిలబడిన లిఫ్టు."

నాలుగు నిమిషాలు పట్టింది. నా లెక్కన ఆరు వంతులు పోగొట్టుకునేంత సమయం.

మధ్యాహ్నానికి తిరిగి వచ్చాడు. చొక్కా దండెం మీద వేసి పడుకున్నాడు. ఊపిరి సాఫీగా ఆడుతోంది, గురక కూడా పెడుతున్నాడు. చొక్కా తీసి మొహానికి ఆనించుకున్నాను. ఎండుగడ్డి. వేడి రాయి. చేతి మడతల్లో ఒకచోట యాలకులు. లిఫ్టు దిగి, ఇంటికి రాకముందే ఆవిడకు చెప్పి వచ్చాడన్నమాట.

ఆ చొక్కాను ఉతకకుండా మళ్లీ దండెం మీదే వేశాను. అసూయ పోయిందా అంటే, లేదు. ఈ చిట్టాలో అబద్ధం రాయకూడదన్న నియమం కూడా నేనే పెట్టాను.